చలికాలం ఫ్రెండ్లీ రేసు, హుస్సేన్‌సాగర్: 3 నాట్ల గాలిలో రేసు పెట్టాలా వద్దా?

లేజర్‌వాలా_హైద్
మొన్న ఆదివారం రేసు గురించి అడగాలె. పొద్దున 8:30కి స్టార్ట్ అన్నరు, మేం 7 గంటలకే వచ్చి తెరచాపలు బిగించుకొని నీళ్ళలకి దిగినం. సంజీవయ్య పార్క్ కాడ పెద్ద జెండా స్తంభానికి అతుక్కొని ఉన్నది, గాలి అన్నదే లేదు. రేసు నడిపే కమిటీ బోట్ మీద ఏపీ అనే వాయిదా జెండా ఎక్కించిండ్రు, ఆ జెండా ఎప్పుడు దిగుతదా అని చూస్కుంట గంటకు పైనే కూసున్నం. ఎట్లనో తూర్పు నుంచి కొంచెం గాలి తగిలింది, 3 నాట్లు ఉంటదేమో (గంటకు ఐదున్నర కిలోమీటర్లు), వెంటనే స్టార్ట్ ఇచ్చిండ్రు. లేజర్లు, 420లు, ఎంటర్‌ప్రైజులు, పిల్లల ఆప్టిమిస్టులు ఇట్ల అన్ని రకాల తెరచాప బోట్లు ఒకటే రేసుల.

గాలి వచ్చే దిక్కున తిరగాల్సిన గుర్తు ఉంటది, పై మార్క్ అంటం, నేను ఆ మార్క్‌కి రెండో వాణ్ణి. టాంక్‌బండ్ దగ్గరికి పోంగనే గాలి మొత్తం ఆగిపోయింది, ముందున్న ఐదారు బోట్లు ఆడనే నిలబడ్డయి. వెనక ఉన్నోళ్ళకి లేక్ నడుమ గాలి పడింది, మెల్లగ వచ్చి మా పక్కనుంచే తిరిగి పోయిండ్రు. తర్వాత రేసు దూరం తగ్గించే ఎస్ జెండా చూపించి కింది మార్క్ కాడనే ఫినిష్ అన్నరు. బోట్ రకాన్ని బట్టి టైమ్ సరిచేసే హ్యాండిక్యాప్ లెక్క కడితే ఫస్ట్ ఒక ఆప్టిమిస్ట్. ఆ చిన్నపిల్ల మీద నాకు ఏం కోపం లేదు, బాగనే నడిపింది. నేను అడిగేది ఒక్కటే, ఇట్లాంటి గాలిల రేసు పెట్టి దానికి ఫలితం అని రాసుడు న్యాయమేనా? క్యాన్సిల్ చేస్తే అయిపోయేది కద. ఇంకోటి, ఇద్దరు ముగ్గురు బోటుని అటూ ఇటూ ఊపుకుంట పోతుంటే ఎవ్వరూ ఏమనలేదు.

టాంక్‌బండ్_రాజేష్
+1 అన్నా. 5 నాట్ల లోపల రేసు పెట్టొద్దు. లాటరీ అది.

ఆప్టీ_అమ్మ
ఆ ఆప్టిమిస్ట్ మా అమ్మాయిదే. లాటరీ అనే ముందు ఒకసారి ఆ పిల్ల ఏం చేసిందో వినండి. స్టార్ట్ దగ్గర్నుంచి చివరిదాకా బోట్ ముందు వైపు మోకాళ్ళ మీద కూర్చుని కదల్లేదు. వెనక భాగం నీళ్ళలోంచి కొంచెం పైకి లేవాలని వాళ్ళ కోచ్ నేర్పారు. పైగా తను గాలిని ఎక్కడ చూసిందో తెలుసా, గాలిపటాల్లో. సంక్రాంతి వెళ్ళినా కవాడిగూడ వైపు మిద్దెల మీద పిల్లలు ఇంకా ఎగరేస్తున్నారు కదా, ఎడమ వైపు పటాలు దారం బిగిసి నిలబడ్డాయి, కుడి వైపువి ఊరికే కిందకి జారిపోతున్నాయి, అందుకని నేను ఎడమకి వెళ్ళాను అమ్మా అంది. పెద్ద బోట్లన్నీ కుడికి వెళ్ళాయి. దీన్ని లాటరీ అంటే ఆ పిల్ల ముందు నేనేం చెప్పాలి?

లేజర్‌వాలా_హైద్
మేడం, పాప గురించి నేను ఒక్క మాట తప్పు అనలే. గాలిపటాలు చూసిందంటే శభాష్. నా ప్రశ్న రేసు పెట్టినోళ్ళకి.

గోదారోడు
గాలిపటాలు చూసి గాలి పట్టిందంటే ఆ పిల్ల సరంగు అయిపోద్దండి 😀 మా తాతలు కోనసీమ కాలవల్లో తెరచాప పడవలు నడిపినోళ్ళు. గాలి ఉంటే చాప ఎత్తేవోరు, పడిపోతే ఇద్దరు గట్టెక్కి తాడు భుజానేసుకుని లాక్కుంటా పోయేవోరు. గాలి రాలేదని ధాన్యం ఆగదు కదండీ. మరి మీ రేసులో గాలి అస్సలు లేకపోతే లంగరు వేసుకోవచ్చా? ఊరికే అడుగుతున్నా, తెలీదు.

రూల్‌బుక్_42
@గోదారోడు వేసుకోవచ్చండీ. రేసింగ్ రూల్స్‌లో 45వ రూల్ అదే, లంగరు వేయొచ్చు, లోతు తక్కువైతే మనిషి దిగి అడుగున నిలబడొచ్చు కూడా. మళ్ళీ బయల్దేరే ముందు లంగరు పైకి తీసుకోవాలి అంతే. ఏటిలో, పోటు పాటు ఉన్న చోట గాలి ఆగితే ప్రవాహం వెనక్కి లాక్కెళ్తుంది కాబట్టి అది పనికొచ్చే రూలు. సాగర్‌లో ప్రవాహం లేదు కాబట్టి మనకి అవసరం పడదు.

ఊపడం సంగతి రాత్రికి వివరంగా రాస్తాను, అది చిన్న విషయం కాదు.

జెండామామ
కమిటీ బోట్ మీద ఉన్నది నేనే కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

గాలి మీటర్ చేతిలో పట్టుకునే స్టార్ట్ ఇచ్చాం. స్టార్ట్‌కి ముందు పావుగంట పాటు 3, 4 మధ్య నిలకడగా ఉంది, దిక్కు కూడా పెద్దగా మారలేదు. అది రేసు పెట్టదగ్గ గాలే, హాయిగా పోయే గాలి కాదని ఒప్పుకుంటా. ఇక ఎస్ జెండా. 32వ రూల్ ప్రకారం గాలి చాలక ఏ బోటూ టైమ్ లిమిట్ లోపల కోర్స్, అంటే మార్కుల చుట్టూ తిరిగే దారి, పూర్తి చేసేలా లేదు అనిపిస్తే కమిటీ కోర్స్ తగ్గించవచ్చు లేదా ఎన్ జెండా ఎత్తి రేసు రద్దు చేయవచ్చు. మేం రెండు రౌండ్లు అనుకున్నాం, మొదటి రౌండ్‌కే గంట పట్టేలా ఉంది. లిమిట్ గంటన్నర. రద్దు చేస్తే పొద్దున ఏడింటి నుంచి ఎండలో కూర్చున్న వాళ్ళందరూ ఉత్త చేతులతో ఇంటికెళ్ళాలి. పిల్లలే పన్నెండు మంది దాకా ఉన్నారు. అందుకే మొదటి బోట్ కింది మార్క్‌కి రాకముందే ఎస్ ఎత్తి రెండు హారన్లు కొట్టాం. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను.

పై మార్క్ టాంక్‌బండ్‌కి దగ్గరైన మాట నిజం. మొదట అనుకున్న చోట గుర్రపుడెక్క తేలుకుంటూ వచ్చి చేరింది, ఆ గుంపులోకి మార్క్ వేస్తే రడ్డర్లు (చుక్కానులు), బోట్ పక్కకి జారకుండా కిందకి దించే డాగర్‌బోర్డులు అన్నీ పట్టేసేవి. కాబట్టి తూర్పుకి జరిపాం.

టాంక్‌బండ్_రాజేష్
గుర్రపుడెక్క మాటకొస్తే నా డాగర్‌బోర్డ్‌కి ఒక తీగ చుట్టుకుని బోట్ ఆగిపోతే అయిదు నిమిషాలు గాలి లేదనే అనుకున్నా. బోర్డ్ పైకి లాగి చూస్తే మూరెడు వేళ్ళు, దానికో ప్లాస్టిక్ కవర్. చిన్న గాలిలో ప్రతి రెండు మూడు నిమిషాలకోసారి బోర్డ్ కొంచెం ఎత్తి చూసుకోవాలి, ఇది కొత్త వాళ్ళ కోసం చెప్తున్నా.

వాతావరణం_వాసు
జెండామామ గారూ అసలు సమస్య గాలి తక్కువ కావడం కాదు, మార్క్ చోటు. ఎందుకో చెప్తాను.

జనవరిలో మనకి గాలి ఎక్కువగా తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. టాంక్‌బండ్ అంటే ఆనకట్ట కదా, ఇటు నీళ్ళు, అటు కవాడిగూడ వైపు పల్లం. తూర్పు గాలి ఆ మేడలు, చెట్లు, గట్టు మీదుగా పైకి లేచి సాగర్ మీదకి వస్తుంది. గట్టు పక్కనే నీళ్ళ మీద దిగదు, కొంత దూరం పోయాక దిగుతుంది. అడ్డం ఎంత ఎత్తుంటే దానికి ఎన్నో రెట్ల దూరం వరకు ఆ చచ్చిన గాలి ప్యాచ్ ఉంటుంది. పెద్ద గాలిలో అక్కడ కుదుపులు తెలుస్తాయి, చిన్న గాలిలో అసలు సున్నా. ముందు వెళ్ళిన వాళ్ళు సరిగ్గా ఆ ప్యాచ్‌లోకి వెళ్ళి నిలబడ్డారు. వెనకాల వాళ్ళు వచ్చేసరికి ఎండెక్కి గాలి కొంచెం లేచింది.

రెండోది టైము. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది, నేలనంటుకుని చల్లటి గాలి పొర, దాని మీద వెచ్చటి పొర. పైన గాలి వీస్తున్నా కింద మనదాకా దిగదు. పొగమంచు, హైదరాబాద్ పొగ పొద్దున్నే కిందనే పట్టుకుని ఉండడానికి కారణం అదే. ఎండ నేలని వేడి చేశాక 10, 11 మధ్య ఆ పొర విరుగుతుంది, అప్పుడు పై గాలి కిందకి దిగుతుంది. 8:30కి స్టార్ట్ పెట్టడం అంటే గాలి రాని టైము చూసి పెట్టినట్టే. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జులైలో పెట్టేది ఊరికే కాదు, ఆ నెల నైరుతి రుతుపవనాల పడమటి గాలి రోజంతా ఉంటుంది.

లేజర్‌వాలా_హైద్
గిది నేను అడిగినదానికి అసలు జవాబు. వాసు భాయ్ థాంక్స్. అంటే 10:30కి స్టార్ట్ పెడితే ఇంత గొడవ ఉండేది కాదు.

జెండామామ
పదింటికి టూరిస్ట్ బోట్లు, స్పీడ్ బోట్లు తిరగడం మొదలవుతుంది, ఆదివారం మరీ ఎక్కువ. లుంబినీ పార్క్ నుంచి బుద్ధుడి దగ్గరికి వెళ్ళొచ్చే లాంచీల అలలకి చిన్న గాలిలో సెయిల్‌లో ఉన్న కాస్త గాలీ దులిపేసినట్టు పోతుంది. అందుకని పొద్దున్నే పెట్టాం. అయినా వాసు చెప్పిందాంట్లో పాయింట్ ఉంది, ఆలోచిస్తా.

వైజాగ్_తీరం
లేక్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులండి. మా దగ్గర 3 నాట్ల గాలి అంటే కింద సముద్రపు అల మాత్రం ఆగదు, బోట్ అటూ ఇటూ దొర్లుతుంటే బూమ్ (సెయిల్ కింది అంచున ఉండే కర్ర) టపటపా కొట్టుకుంటుంది, సెయిల్ నిలబడదు. నీళ్ళు కదలకపోతే 2 నాట్లలో కూడా బోట్ పోతుంది. అల ఉంటే 5 కూడా చాలదు. కాబట్టి @టాంక్‌బండ్_రాజేష్ ఇంత లోపల వద్దు అని ఒకే నంబర్ పెట్టడం అన్ని చోట్లా కుదరదు.

రూల్‌బుక్_42
ఊపడం గురించి, చెప్పినట్టే.

42వ రూల్ మొదటి మాట, బోట్ నడవాల్సింది గాలితో, నీటితో మాత్రమే. మనిషి ఒళ్ళు కదిలించి బోట్‌ని తోయకూడదు. నిషిద్ధాలు పేర్లతో సహా ఉన్నాయి. సెయిల్‌ని విసనకర్రలాగా మాటిమాటికీ లాగి వదలడం పంపింగ్. బోట్‌ని మాటిమాటికీ అటూ ఇటూ వంచడం రాకింగ్. ఒక్కసారి ముందుకి ఊగి టక్కున ఆగడం ఊచింగ్. టిల్లర్‌ని (చుక్కాని తిప్పే కర్రని) బలంగా అటూ ఇటూ తిప్పి తెడ్డులా వాడడం స్కల్లింగ్.

అయితే టాక్, జైబ్ చేసేటప్పుడు, అంటే గాలి సెయిల్‌కి రెండో వైపు తగిలేలా బోట్ మలుపు తిప్పేటప్పుడు, ఒకసారి ఒంటిని వాడి బోట్‌ని వంచడానికి అనుమతి ఉంది, దాన్నే మనం రోల్ టాక్ అంటాం. షరతేంటంటే టాక్ అయిపోగానే బోట్ స్పీడు, అసలు టాక్ చేయకపోతే ఎంత ఉండేదో అంతకన్నా ఎక్కువ ఉండకూడదు. గాలి లేని రోజున కొందరు అవసరం లేకపోయినా టాక్ మీద టాక్ వేస్తుంటారు చూడండి, గాలి దిక్కు మారింది లేదు, ఎవరూ అడ్డం లేరు, ప్రతి టాక్‌కీ బోట్ ఒక గజం ముందుకి దూకుతుంది. అది కూడా తప్పే. ఇంకో అనుమతి, బోట్ గాలికి ముక్కు పెట్టి నిలబడిపోతే, గాలికి వీలైనంత ఎదురుగా పోయే క్లోజ్-హాల్డ్ కోర్స్‌కి తిప్పుకోవడానికి టిల్లర్ ఊపుకోవచ్చు. ఇది చూసి స్కల్లింగ్ అని అరవకండి.

మొన్న నీళ్ళ మీద జడ్జి లేడు. ఫ్రెండ్లీ రేసుకి జడ్జి బోట్ పెట్టలేరు, నిజమే. కానీ పక్క బోట్ వాళ్ళు ప్రొటెస్ట్ అని గట్టిగా అనొచ్చు, తప్పు తెలిసినవాడు తనంతట తనే రేసు నుంచి తప్పుకోవచ్చు. ఒక్కరూ అనలేదు. ఒడ్డుకొచ్చాక అనుకోవడం అలవాటైపోయింది మనకి. గాలి ఎంత తక్కువుంటే ఈ రూలు అంత ముఖ్యం, ఎందుకంటే 15 నాట్లలో ఊపితే వచ్చేది ఏమీ లేదు, 3 నాట్లలో రేసే మారిపోతుంది.

మెయిన్‌షీట్_మధు
ఊపిన వాళ్ళలో నేనున్నానని అందరూ అనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా, నేను చేసింది రోల్ టాకే. మార్క్ దగ్గర ఇద్దరు అడ్డం వచ్చారు, టాక్ చేయక తప్పలేదు.

లేజర్‌వాలా_హైద్
నిన్ను అనలే మధు. ఊపినోళ్ళకి తెలుసు.

ఈఎంఈ_రిటైర్డ్
చాలా ఏళ్ళు ఇదే సాగర్‌లో నడిపిన వాణ్ణి, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఒడ్డు మీద నుంచి చూస్తున్నా. లాటరీ అన్న మాట దగ్గర ఆగిపోయాను, దాని గురించి రాయకుండా ఉండలేను.

పెద్ద గాలిలో బలం, బరువు ఉన్నవాడు గెలుస్తాడు, బోట్ బయటికి వేలాడి దాన్ని నిలబెట్టినవాడిదే రేసు. చిన్న గాలిలో ఓపిక ఉన్నవాడు గెలుస్తాడు. గాలి తోపుడు దాని వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 6 నాట్లలో దొరికే బలంలో 3 నాట్లలో దొరికేది పావు వంతే. ఆ పావు వంతులో మనం ఎంత పారేసుకుంటున్నామన్నదే ఆట.

లేజర్‌లో ఎక్కడ కూర్చోవాలి? కాక్‌పిట్ ముందు అంచుకి, డాగర్‌బోర్డ్ దగ్గరికి వచ్చేయాలి. వెనక భాగం నీళ్ళలో ఈడ్చుకుంటుంటే బుడబుడ చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఆగేదాకా ముందుకి జరగాలి. ఎదురుగాలికి పోయేటప్పుడు బోట్‌ని గాలి పోయే వైపుకి కొంచెం వంచి ఉంచాలి, అప్పుడు గాలి లేకపోయినా సెయిల్ తన బరువుకి తనే వంపు తిరిగి నిలబడుతుంది, టిల్లర్‌లో కూడా కొంచెం పట్టు దొరుకుతుంది. కిక్కర్ (బూమ్ పైకి లేవకుండా పట్టే తాడు) వదులు. మెయిన్‌షీట్ (సెయిల్‌ని లాగే తాడు) బిగించి పట్టుకోవద్దు, బ్లాక్ (కప్పీ) నుంచి కాకుండా బూమ్ నుంచి నేరుగా పట్టుకుంటే రెండు వేళ్ళకి గాలి తెలుస్తుంది. టిల్లర్ తిప్పిన ప్రతిసారీ రడ్డర్ బ్రేక్ అవుతుంది, కాబట్టి తిప్పకుండా ఒంటి బరువుతో తిప్పాలి. కదిలితే పిల్లి నడిచినట్టు కదలాలి. గాలితో పాటు పోయేటప్పుడు దీనికి తిరగవేసి, గాలి వచ్చే వైపుకి వంచాలి.

ఇక చూపు. తల బోట్‌లో పెట్టుకుని తాళ్ళు సర్దేవాడికి చిన్న గాలి ఎప్పటికీ దొరకదు. నీళ్ళ మీద గాలి పడ్డ చోట సన్నటి ముడతలొచ్చి రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆ మరక ఎటు జరుగుతోందో చూసి దాన్ని అందుకోవాలి. పొగ గొట్టాలు, జెండాలు, ఒడ్డున చెట్ల కొమ్మలు, ఆ పాప చూసిన గాలిపటాలు, అన్నీ గాలి కబుర్లే. పై ఎత్తులో గాలి ఎక్కువ, నీళ్ళ దగ్గర తక్కువ, కాబట్టి గాలిపటానికి తగిలిన గాలి కాసేపటికి సెయిల్‌కి కూడా తగలొచ్చు. ఆప్టిమిస్ట్ సెయిల్ లేజర్‌ది కన్నా చాలా పొట్టి, నీళ్ళకి దగ్గరలో ఉన్న ఆ కాస్త గాలితోనే నడవాలి. అయినా ఆ పాప ఆ ఎత్తున నడిపి గెలిచిందంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్ మార్సెయ్‌లో జరిగింది, అక్కడ కూడా గాలి చాలక మెడల్ రేసులు వాయిదా పడ్డాయి. ప్రపంచంలో అత్యుత్తమ సెయిలర్లే గాలి కోసం కూర్చున్నారు. కూర్చోవడం కూడా ఈ ఆటలో భాగమే.

ఆప్టీ_అమ్మ
సర్, ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. బుడబుడ చప్పుడు విషయం తనకి తెలుసంట, నాకే తెలీదు.

టాంక్‌బండ్_రాజేష్
అంకుల్ పోస్ట్ సేవ్ చేసుకున్నా. లాటరీ మాట వెనక్కి తీసుకుంటున్నా, కానీ ఫలితం హ్యాండిక్యాప్‌తో కట్టడం మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. ఆ లెక్క ఎలా వచ్చిందో ఎవరైనా చెప్తారా?

జెండామామ
పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్. ప్రతి బోట్ రకానికీ ఒక నంబర్, నంబర్ ఎక్కువైతే బోట్ నెమ్మది అని. పట్టిన టైమ్‌ని వెయ్యితో గుణించి ఆ నంబర్‌తో భాగిస్తే వచ్చేది సరిచేసిన టైమ్. లేజర్ స్టాండర్డ్‌కి 1100 దగ్గర, ఆప్టిమిస్ట్‌కి 1630 దగ్గర అనుకోండి. లేజర్‌కి 55 నిమిషాలు పడితే 50 వస్తుంది. ఆప్టిమిస్ట్‌కి 80 నిమిషాలు పడితే 49 చిల్లర. పాప ముందుంది. మొన్న జరిగింది దాదాపు ఇదే.

మెయిన్‌షీట్_మధు
అదే కదా ఇబ్బంది. ఆ నంబర్లు ఎన్నో రేసులు, ఎన్నో రకాల గాలుల సగటు మీద కట్టినవి. లేజర్లు ఆగిపోయినప్పుడు గాలి లేదు, ఆప్టిమిస్టులు వచ్చేసరికి ఉంది. రెండు వేర్వేరు గాలుల్లో పోటీ చేసిన బోట్లని ఒకే నంబర్‌తో సరిచేస్తే ఎలా? గాలి అందరికీ సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది.

లేజర్‌వాలా_హైద్
మధు చెప్పింది కరెక్ట్. గిదే నేను చెప్పాలనుకున్నది, నాకు చెప్పరాలే.

లండన్_లావణ్య
ఇక్కడ దీనికి ఒక పద్ధతి ఉంది, మీకు నచ్చుతుందేమో చూడండి. హీత్రూ దగ్గర క్వీన్ మేరీ రిజర్వాయర్‌లో ప్రతి జనవరిలో బ్లడీ మేరీ అని పెద్ద రేసు జరుగుతుంది. నీళ్ళు లోపలికి రాని డ్రైసూట్ వేసుకుని వేళ్ళు కొంకర్లు పోతుంటే నడుపుతారు. అది పర్స్యూట్ రేసు. అంటే నెమ్మది బోట్లు ముందు స్టార్ట్ అవుతాయి, వేగం బోట్లు వాటి నంబర్ ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి ఆలస్యంగా స్టార్ట్ అవుతాయి. రేసు అందరికీ ఒకే టైముకి ముగుస్తుంది, ఆ టైముకి ఎవరు ముందుంటే వాళ్ళే విన్నర్. రేసు అయ్యాక లెక్కలు కట్టక్కర్లేదు. చివర్లో అందరూ ఒకే చోటికి చేరతారు కాబట్టి అందరికీ దాదాపు ఒకే గాలి. చిన్నపిల్లలు ముందుంటారు, వెనకనుంచి పెద్ద బోట్లు తరుముకుంటూ వస్తుంటే చూడ్డానికి కూడా భలే ఉంటుంది. గాలి ఆగిపోతే టైము అయ్యాక అప్పుడు ఎక్కడున్నారో అదే స్థానం, కోర్స్ తగ్గించే గొడవ కూడా ఉండదు.

జెండామామ
లావణ్యా, ఇది మంచి ఐడియా తల్లీ. చిన్న సందేహం, గాలి లేని రోజు ఆప్టిమిస్టులు ముందు బయల్దేరి స్టార్ట్ లైన్ దగ్గరే నిలబడిపోతే?

లండన్_లావణ్య
అంకుల్ అదీ జరుగుతుంది, అప్పుడు వెనక బోట్ల టైములు కూడా అదే లెక్కన వెనక్కి జరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. నిలకడగా గాలి వచ్చేదాకా ఏపీ జెండా దించకపోతే చాలు.

టాంక్‌బండ్_వాకర్
నేను సెయిలర్ని కాదు, రోజూ పొద్దున బండ్ మీద నడుస్తా. మొన్న తెల్ల తెల్ల సెయిళ్ళు కదలకుండా ఉంటే ఫోటో షూట్ అనుకున్నా. పక్కన ఒకాయన అవి నీళ్ళలో పాతిన బొమ్మలు అన్నాడు 😀 తర్వాత ఒక చిన్న బోట్ మెల్లగా కదిలి పెద్దవాటిని దాటుకుంటూ పోయింది, అక్కడ నడిచేవాళ్ళం అందరం ఆగి చూశాం. నాకు తెలిసినంతవరకు ఈ ఆట డబ్బున్నోళ్ళది. మామూలు ఇళ్ళ పిల్లలు నేర్చుకోవచ్చా?

ఆప్టీ_అమ్మ
నేర్చుకోవచ్చండీ. మా అమ్మాయి బ్యాచ్‌లో ఆటో నడిపే వాళ్ళ పిల్లలు, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు ఉన్నారు. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇలాంటి ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకి చాలా ఏళ్ళుగా నేర్పుతోంది, అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర ఏషియన్ గేమ్స్ దాకా వెళ్ళింది. ఈత రావాలి, లైఫ్ జాకెట్ తీయకూడదు, ఈ రెండూ ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఈఎంఈ_రిటైర్డ్
దానికి తోడు ఒకటి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఐఎల్‌సీఏ 4లో (చిన్న సెయిల్ ఉన్న లేజర్) వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ ఒక రైతు బిడ్డ, భోపాల్ పెద్ద చెరువులో నేర్చుకున్న అమ్మాయి. సముద్రం లేని ఊళ్ళో, చెరువు గాలిలో. చెరువు గాలి క్షణానికోసారి మారుతుంది, దాన్ని చదవడం వచ్చిన పిల్లకి సముద్రం మీద గాలి కష్టమనిపించదు. మన సాగర్ పిల్లలకీ ఆ అవకాశం ఉంది. అందుకే చిన్న గాలి రేసులు క్యాన్సిల్ చేయకండి అంటున్నా.

గోదారోడు
ఇరకం దీవి వైపు పులికాట్‌లో జాలర్లు చాప ఎత్తి నడపడం చూశానండి, లోతు లేని నీళ్ళు, గాలి పడిపోతే గెడ వేసి తోస్తారు. వాళ్ళ పిల్లలకి ఒక రేసు పెడితే మీ అందర్నీ దాటేస్తారు, నా మాట.

వైజాగ్_తీరం
గెడ వేస్తే 42వ రూల్ అడ్డం వస్తుంది గోదారి అన్నా 😄

వాతావరణం_వాసు
మార్క్ గురించి మళ్ళీ. వచ్చే రేసుకి తూర్పు గాలే ఉంటే పై మార్క్‌ని బుద్ధుడి విగ్రహం దాకా కూడా పోనివ్వకండి. ఆ రాతి దిబ్బ మీద 18 మీటర్ల విగ్రహం, కింద పీఠం, చుట్టూ గాలి సుడి తిరుగుతుంది. దాని ఉత్తరాన, సంజీవయ్య పార్క్ వైపు ఖాళీగా ఉన్న నీళ్ళలో చిన్న కోర్స్ పెట్టండి. ఒక మార్క్ నుంచి ఇంకో మార్క్‌కి 300, 400 మీటర్లు చాలు. పొడవాటి కోర్స్ ఒక్కసారి తిరిగే బదులు పొట్టి కోర్స్ మూడు నాలుగు సార్లు తిరిగితే గాలి మారినా ఒకడి నెత్తిన పడదు, పోగొట్టుకున్నవాడు మళ్ళీ రౌండ్‌లో తెచ్చుకుంటాడు.

లేజర్‌వాలా_హైద్
పొట్టి కోర్స్‌కి నా ఓటు. మొన్న నాకు బాధ అయ్యింది ఓడినందుకు కాదు, ఆగిపోయినంక మళ్ళ ప్రయత్నం చేసే జాగనే లేకుండె. ఇంకో రౌండ్ ఉంటే కొట్లాడెటోణ్ణి.

జెండామామ
అందరివీ చదివాను. ఫిబ్రవరి మొదటి ఆదివారం ఇలా చేద్దామా. 9:30కి అందరూ నీళ్ళ మీద ఉండాలి, గాలి మీటర్‌లో 4 నాట్లు పది నిమిషాలు నిలబడితే స్టార్ట్, 11:30 దాకా రాకపోతే ఆ రోజుకి రేసు లేదు, ఒడ్డున ఇడ్లీ తిని పోదాం. పర్స్యూట్ ఫార్మాట్, మొత్తం గంట. కోర్స్ వాసు చెప్పిన చోట. లాంచీల వాళ్ళతో నేను మాట్లాడతా, ఆ గంట పాటు కొంచెం దక్షిణం నుంచి తిప్పమని. 42వ రూల్ చూడ్డానికి రెస్క్యూ బోట్‌లో ఒకరు కావాలి, విజిల్, పసుపు జెండా ఇస్తా.

రూల్‌బుక్_42
నేను కూర్చుంటా. మొదటిసారి తప్పు చేస్తే విజిల్ ఊది సెయిల్ నంబర్ పిలుస్తా, రెండు చుట్లు తిరగాలి. ఫ్రెండ్లీ అని వదిలేయను, ముందే చెప్తున్నా.

మెయిన్‌షీట్_మధు
వదలొద్దు. అదే కావాలి.

టాంక్‌బండ్_రాజేష్
గుర్రపుడెక్క సంగతి? రేసు ముందు రోజు సాయంత్రం నలుగురం వెళ్ళి కోర్స్ దగ్గర తేలుతున్నది లాగేద్దాం. పొడుగు కర్ర, కొక్కెం నా దగ్గర ఉన్నాయి. శనివారం 4 గంటలకి జెట్టీ దగ్గర. ఎవరెవరు వస్తారు?

ఆప్టీ_అమ్మ
మేమిద్దరం వస్తాం.

లేజర్‌వాలా_హైద్
నేనొస్త. పాపని అడగాలె, ఆ గాలిపటాల సంగతి నాకు ఇంకోసారి చెప్పమని.

వాతావరణం_వాసు
వస్తా. గాలి మీటర్‌కి కొత్త బ్యాటరీలు కూడా తెస్తా.